హికీ దొరవారి కుంచెకు మైలవరం దండాలు

అయ్యా, థామస్ హికీ దొరగారూ!

మా కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కొలువై ఉన్నాడు. కాసుల పురుషోత్తమ కవి ఆయన్ని ఒక శతకం నిండా నిలబెట్టి కడిగేశాడు. ఇంటి సంగతులన్నీ ఇంట్లోవాళ్ళు చూసుకుంటుంటే నువ్వు చేసే ఘనకార్యం ఏమిటయ్యా అని నిలదీశాడు. తిట్టినంతసేపూ తిట్టడమే, తీరా చూస్తే అదంతా పొగడ్త. ఆ కవి దివిసీమ వాడు, ఊరు పెదప్రోలు. దేవుడితో అంత చనువున్నవాడు ఏమన్నా చెల్లుతుంది. నాకు తమరితో ఆ చనువు లేదు. తమరు కాలం చేసి రెండు వందల ఏళ్ళు దాటింది. నేనేమో మైలవరంలో, బెజవాడ నుంచి కొండపల్లి మీదుగా తిరువూరు పోయే బస్సు ఆగే ఊళ్ళో, వక్కపొడి నములుతూ కూర్చున్న మనిషిని. అందుకని ఆ తిట్టే విద్య జోలికి పోకుండా, తమరిని మనసారా పొగుడుదామని కలం పట్టాను. ఎక్కడన్నా మాట గుచ్చుకున్నట్టు అనిపిస్తే అది నా తెలుగు బిరుసుతనమే గానీ నా ఉద్దేశం కాదని మనవి.

తమరిని బ్రిటిష్ చిత్రకారుల లెక్కలో వేస్తారు. పుట్టింది మాత్రం డబ్లిన్‌లో, 1741లో. నాన్నగారిది మిఠాయి వ్యాపారం. ఐర్లండు అప్పటికే ఇంగ్లండు కాళ్ళ కింద ఉన్న దేశం కాబట్టి, ఓడినవాడి ముఖం ఎలా ఉంటుందో తమరికి ఒకరు నేర్పనక్కర్లేదు, వీధిలోకి వస్తే కనిపించేదే. అయినా తమరు అటు చూడకుండా గెలిచినవాడి ముఖం వేయడం నేర్చుకున్నారు. చదువంటే అదీ! డబ్లిన్‌లో కొంత, ఇటలీలో కొంత, లండన్ రాయల్ అకాడమీ బడిలో కొంత నేర్చుకున్నారంటారు గానీ, నా మటుకు నాకు తమ అసలు గురువు నాన్నగారే అనిపిస్తుంది. మనిషి ముఖాన్ని తీగపాకంలో ముంచి పైకి తీసే ఒడుపు ఏ అకాడమీలోనూ చెప్పరు. తమ చేతిలో పడ్డ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఎవరూ జీతానికి వచ్చినవాడిలా కనిపించడు. తాతల నాటి నుంచి ఈ దేశం వాళ్ళదే అన్నట్టుంటాడు.

మా మైలవరం రాజావారు నాటకాల మీద మక్కువతో బాలభారతీ సమాజం నడిపించారు. ఆ కాలపు నాటకాల్లో దర్బారు తెర అని ఒకటుండేది. స్తంభాలు, ఎర్ర ముఖమలు, దూరాన కోట బురుజు. ఆ తెర ఒక్కటి దించితే ఏ వేషగాడైనా సార్వభౌముడే. తమ కాలపు దొరల బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఆ తెర గుర్తొస్తుంది. అదే స్తంభం, అదే తెర మడత, అదే దూరపు కొండ. ముందు నిలబడేవాడు మారితే చాలు. తేడా ఏమిటంటే, మా వేషగాడు తెల్లారేసరికి రంగు కడుక్కునేవాడు.

అప్పట్లో లండన్‌లో రెనాల్డ్స్ ఉన్నాడు, గెయిన్స్‌బరో ఉన్నాడు. వాళ్ళుండగా తమ గడప తొక్కేదెవరు? పోటీపడి నెగ్గడం మామూలు మనుషులు చేసే పని. తమరు పోటీ లేని చోటు వెతుక్కోవడంలో దిట్ట. బాత్ నగరానికి వెళ్ళి చూశారు. అక్కడా కడుపు నిండక 1780లో ఇండియాకు ఓడెక్కారు. ఆ రోజుల్లో మదరాసు, కలకత్తాల్లో డబ్బు చేసుకున్న తెల్లవాళ్ళకు ఒక దిగులుండేది. ఇంత కూడబెట్టాం కదా, సొంతూరు చేరేలోపు ఏ విషజ్వరమో తగిలి పోతే మన ముఖం ఎవరికి గుర్తుంటుందని. ఆ దిగులుకు మందు తమ సంచిలో ఉంది. టిల్లీ కెటిల్ అనే ఆయన అప్పటికి పదేళ్ళ ముందే, 1769లో, మదరాసులో దిగి ఆర్కాటు నవాబు మహమ్మదలీ బొమ్మ వేసి, ఈ దేశంలో కుంచెకు పంట ఎలా పండుతుందో చూపించి వెళ్ళాడు.

దారిలో స్పెయిన్, ఫ్రాన్సు వాళ్ళు కలిసి ఇంగ్లీషు ఓడల బారునంతా పట్టేశారు. తమరు ఖైదీ కావలసినవారే. కత్తి పట్టే మనిషి కాదు, బొమ్మలు వేసుకునేవాడని వదిలేశారు. ఇంకొకడైతే ఇంటికి పోయేవాడు. తమరు లిస్బన్‌లో దిగి, అక్కడున్న ఇంగ్లీషు వర్తకుల బొమ్మలు వేస్తూ రెండు మూడేళ్ళు హాయిగా గడిపేశారు. వరదలో కొట్టుకుపోతున్నా పక్కన తేలుతున్న పెట్టెలో ఏముందో చూసుకునే తెలివి అందరికీ రాదు. కలకత్తా చేరింది 1784లో.

కలకత్తాలో తమరు పెట్టిన మకాం, ఇచ్చిన విందులు వదిలేస్తాను. పుస్తకం సంగతి మాత్రం చెప్పుకోవాలి. ఆదినుంచీ చిత్రకళ, శిల్పకళల చరిత్ర అంతా రాస్తానని పూనుకుని, 1788లో మొదటి సంపుటం అచ్చు వేశారు. రెండోది రాలేదు. ఎంత పొదుపు! పాఠకుడి సమయం మీద ఎంత దయ! మా తెలుగు రచయితలు ఆ గుణం నేర్చుకుంటే ఎన్ని కాగితపు మిల్లులు ఊపిరి పీల్చుకునేవో.

ఆ ముందు ఏడాది, 1787లో, ఒక భారతీయ స్త్రీ బొమ్మ వేశారు. ఇప్పుడు డబ్లిన్ జాతీయ చిత్రశాలలో ఉంది. తమ ఇంటిపేరే ఉన్న విలియం హికీ అనే లాయరు దగ్గర ఉంటుండిన జమ్‌దానీ అనే ఆవిడ బొమ్మ అంటారు. తమరికీ ఆ లాయరుకూ చుట్టరికం లేదు, స్నేహమే. నిజం చెప్పాలంటే తమ బొమ్మల్లో నా కళ్ళు ఎక్కువసేపు ఆగేది ఆవిడ దగ్గరే. బహుశా ఆవిడ డబ్బిచ్చిన మనిషి కాదు కాబట్టి పాకం పట్టడం మరిచిపోయి ఉంటారు. పొరపాటు ఎవరికైనా సహజం.

ఇక తమ కీర్తికి కలికితురాయి అయిన చైనా యాత్రకు వస్తాను.

మదరాసు గవర్నరుగా చేసి వెళ్ళిన మెకార్ట్‌నీ ప్రభువును 1792లో ఇంగ్లండు రాజు చైనా చక్రవర్తి దగ్గరికి రాయబారం పంపాడు. ఆయనా ఐర్లండు వాడే, తమరికి పాత పరిచయస్తుడు. రాయబారంతో ఒక చిత్రకారుణ్ణి తీసుకెళ్ళాలి. కలకత్తా వదిలి ఇంగ్లండు చేరిన తమరినే తీసుకెళ్ళాడు. చైనా! అంతవరకూ ఇంగ్లీషు చిత్రకారుడెవడూ లోపలికి పోయి తీరిగ్గా చూడని దేశం. కాలవలు, పడవలు, వంతెనలు, కోటగోడలు, పట్టుబట్టల అధికారులు, పొలాల్లో రైతులు, వీధుల్లో తోలుబొమ్మలాడించేవాళ్ళు. ఎటు చూసినా బొమ్మే. పోవడానికి, రావడానికి, అక్కడ తిరగడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో తమరు వేసిన బొమ్మలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టినా వేళ్ళు మిగిలిపోతాయి.

దీన్ని కొందరు బద్ధకం అన్నారు. రాయబారంలోనే ఉన్న బారో అనే ఆయన, హికీ అక్కడ ఏమీ వేసినట్టు లేదు గానీ మాటల్లో మాత్రం గడుసువాడు అని రాసిపెట్టాడు. అసూయ! తమ కింద విలియం అలెగ్జాండర్ అనే పాతికేళ్ళ కుర్రాడు నకలుగీతల ఉద్యోగంలో ఉండేవాడు. కనిపించిందల్లా వందల కొద్దీ గీసేశాడు. పాత చైనా ఎలా ఉండేదో ఇవాళ యూరపు వాళ్ళు చెప్పుకోవాలంటే ఆ కుర్రాడి గీతలే దిక్కు. కానీ ఆలోచించండి, తమరు కూడా వేయడం మొదలుపెడితే ఆ కుర్రాడి బొమ్మలు ఎవరు చూసేవాళ్ళు? చిన్నవాడి దారికి అడ్డం రాకుండా, రెండేళ్ళపాటు రంగులు ఎండబెట్టుకుంటూ కబుర్లు చెబుతూ గడిపిన పెద్దమనసు తమది. మా ఊళ్ళో పెద్ద మేస్త్రీలు కొందరికి ఈ గుణం ఉంది. చుట్ట కాల్చుకుంటూ అరుగు మీద కూర్చుంటారు, గోడ కుర్రాళ్ళు కడతారు, బిల్లు మేస్త్రీ పేరు మీద వస్తుంది.

మేస్త్రీ అంటే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మైలవరంలో బోర్డులు రాసే ఆయన ఒకరుండేవారు. ఊరంతా ఆర్టిస్టుగారనేవాళ్ళు, నేనూ అంతే అంటాను. కిరాణా కొట్టు బోర్డు, లారీ తలుపు మీద పేరు, ఎన్నికలొస్తే గోడల మీద గుర్తులు, అన్నీ ఆయనవే. ఎవరింట్లోనన్నా పెద్దవాళ్ళు పోతే ముఖం బొమ్మ కూడా ఆయనే. పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటోలో వెనక వరసలో గోళీకాయంత ఉన్న తలకాయను చూపించి, పెద్దకర్మ నాటికి కావాలనేవాళ్ళు. ఆయన ఆ తలకాయ మీద సూదిమొన లాంటి పెన్సిలుతో గళ్ళు గీసేవాడు. డ్రాయింగ్ షీటు మీద అవే గళ్ళు పెద్దవి గీసేవాడు. ఈ గడిలో ఉన్నది ఆ గడిలోకి దించడమే పని. ముక్కు ఒక గడిలో సగం, పక్క గడిలో సగం. తర్వాత నల్లపొడిని బ్రష్షుతో అద్ది, దూది ఉండతో చెంపల మీద మెల్లగా రుద్దేవాడు. రుద్దే కొద్దీ కాగితం మీద ఎముక లేచేది.

మా తాతయ్య బొమ్మ వేస్తున్నప్పుడు పక్కనే కూర్చున్నాను. ఫోటో తీసిన క్షణంలో తాతయ్య ఎడమ కన్ను మూసుకుపోయింది. తెరిచి వెయ్యి నాయనా అని మా నాయనమ్మ బతిమాలింది. ఆర్టిస్టుగారు కాసేపు ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశారు. "కుడి కన్ను తెరిచే ఉంది కదమ్మా, దాన్నే ఇటు తిప్పి వేస్తాను" అన్నారు. పదకొండో రోజు పొద్దున్నే, బెజవాడలో అద్దం ఫ్రేము కట్టించి, సైకిలు వెనక కట్టుకుని తనే తెచ్చి ఇచ్చారు. మధ్యాహ్నం బంతిలో కూర్చుని భోజనం చేసి వెళ్ళారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన బ్రష్షు కట్టేశారు.

తమ ముందు ఆయన ప్రస్తావన తేవడం తప్పే. చెప్పిన రోజుకి పని ముగించడం కూలివాడి లక్షణం. తమరు ఆ కక్కుర్తికి ఎన్నడూ లోనుకాలేదు.

1798 చివరికి తమరు మళ్ళీ ఈ దేశం చేరారు, ఈసారి మదరాసు. దొరా, తమ ముక్కుకు వాసన ఎంత బాగా తెలుసు! ఆరు నెలలు తిరక్కుండానే, 1799 మే 4న, శ్రీరంగపట్నం కూలింది, టిప్పు సుల్తాను కోట తలుపు దగ్గరే పడిపోయాడు. తమరు అక్కడికి పోయారు, శవాలు ఎత్తేశాక. యుద్ధం కళ్ళారా చూస్తే చిత్రకారుడి చెయ్యి వణుకుతుందని తమరికి ముందే తెలుసు. గెలిచిన అధికారుల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, యాభైమందికి పైగా ముఖాలు సుద్దతో గీశారు. యుద్ధం మొత్తాన్నీ ఏడు పెద్ద చిత్రాలుగా వేస్తానని ప్రణాళిక కూడా వేసుకున్నారు. ఆ ఏడూ పూర్తి కాలేదు. పుస్తకం రెండో సంపుటానికి తోడు దొరికింది.

అంతటితో ఆగలేదు తమ సమదృష్టి. టిప్పును చంపినవాళ్ళ ముఖాలు వేసిన చేత్తోనే తండ్రి పోయిన టిప్పు కొడుకుల ముఖాలూ వేశారు. మైసూరులో కొత్తగా గద్దెనెక్కించిన పసిరాజు తరఫున రాజ్యం నడిపిన దివాను పూర్ణయ్యను వేశారు. ఆ పూర్ణయ్య నిన్నటిదాకా టిప్పుకు కొలువు చేసినవాడే. కుంచెకు పక్షపాతం ఉండకూడదంటారు కదా. పిల్లల ముఖాల్లో దుఃఖం లేదేమని అడిగేవాళ్ళకు కళ తెలియదు. ఆ బొమ్మలు పోయేది గవర్నర్ జనరల్ గారి గోడ మీదికి. భోజనాల గదిలో ఎవరైనా ఏడుపు ముఖాలు తగిలించుకుంటారా?

1804లో తమరు కంపెనీకి ఒక అర్జీ పెట్టుకున్నారు. మీకు చరిత్ర చిత్రకారుడిగా, ముఖచిత్రకారుడిగా నన్ను శాశ్వతంగా నియమించుకోండని. ఉద్యోగం రాలేదు. కంపెనీవాళ్ళు మహా పిసినార్లు. జీతం లేకుండానే ఇంత విధేయంగా వేస్తున్నవాడికి జీతం ఎందుకనుకుని ఉంటారు.

ఆ మరుసటేడు మైసూరు రాణివాసపు స్త్రీలు ముగ్గుర్ని ఒకే చిత్రంలో వేశారు. అద్భుతం. వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా రాయలేదు. దాంతో ఆ చిత్రం చేతులు మారి మారి, వాళ్ళెవరో నాట్యం చేసేవాళ్ళనే మాట చాలాకాలం స్థిరపడింది. రాజు పెళ్ళాడిన రాణులూ, ఇంటి పెద్దామె అని మొన్నమొన్న ఒక పరిశోధకుడు తేల్చాడు. అందులో ఒకామె పైట జరిపి జబ్బ చూపిస్తున్నది కొత్తగా వచ్చిన మశూచి టీకా వేయించుకున్నానని చెప్పడానికేనట. చూశారా, పేరు రాయకపోవడం వల్ల ఎంత లాభం! రెండు వందల ఏళ్ళ తర్వాత ఒక పండితుడికి పని దొరికింది. పేరు రాసి ఉంటే ఆయన ఏం చేసుకుని బతికేవాడు?

అదే 1805లో అదే మదరాసులో తమకు పోటీగా జార్జి చిన్నరీ అనే కుర్ర దొర ఉన్నాడు. హైదరాబాదు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్‌కూ, ఖైరున్నీసా బేగంకూ పుట్టిన ఇద్దరు పిల్లల్ని, ఓడెక్కి సీమకు పోయే ముందు వేశాడు. పసివాళ్ళు హైదరాబాదు ఉడుపుల్లో, జరీ టోపీల్లో మెట్ల మీద నిలబడి ఉంటారు. తల్లి లేదు. ఆ బొమ్మ చూస్తే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. అది ధర్మమా? డబ్బిచ్చి బొమ్మ వేయించుకున్నవాడి గొంతు పట్టేలా వేస్తే వ్యాపారం సాగుతుందా? సాగలేదు. చిన్నరీ చివరికి అప్పులవాళ్ళకు భయపడి 1825లో కలకత్తా నుంచి మకావుకు పారిపోయాడు. తమరి మీద అలాంటి మచ్చ లేదు.

మచ్చ లేని ఆ జీవితంలో 1816వ సంవత్సరం వచ్చింది. ఇక్కడ మా వైపు మనుషులకు తమతో పని పడింది.

కాలిన్ మెకంజీ తమరు ఎరిగినవాడే. స్కాట్లండు దీవుల్లో పుట్టి, కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా చేరి, నిజాం సీమలూ మైసూరూ కొలిచి, 1815లో దేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ అయినవాడు. ఊరూరా కరణాలతో కైఫియత్తులు రాయించాడు. శాసనాలే 8,076 ఎత్తి రాయించాడు. ఆయన 1821లో పోతే ఆ సేకరణను ఆయన భార్య దగ్గర కంపెనీవాళ్ళు లక్ష రూపాయలకు కొన్నారు. మా ఊళ్ళ చరిత్ర తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ ఆ కాగితాల దగ్గరికే పోవాలి. అన్నీ నిజమే. కానీ మెకంజీకి మన భాషలు రావు. తెలుగు, కన్నడం, తమిళం, సంస్కృతం ఒక్కటీ చదవలేడు. చదివి చెప్పింది, ఊళ్ళు తిరిగింది, పూజారుల్ని బతిమాలింది, హళగన్నడ శాసనాలకు అర్థం తీసింది మా ఏలూరు బ్రాహ్మణ కుర్రాళ్ళు, కావలి వారి అన్నదమ్ములు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి.

మదరాసు వదిలి కలకత్తా పోయే ముందు మెకంజీ తమ చేత బొమ్మ వేయించుకున్నాడు. అది ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. నేను అంత దూరం పోలేను కాబట్టి మా అబ్బాయి కంప్యూటరు తెర మీద పెద్దది చేసి చూపించాడు. పూటంతా చూశాను. మధ్యలో మెకంజీ, ఎర్రకోటు. వెనక కొండ మీద కార్కళ గొమ్మటేశ్వరుడు. ఇంకో పక్క కొండ నెత్తిన సర్వేవాళ్ళు గురుతుకి పాతుకునే గుంజ, దానికో బుట్ట. దొర పక్కనా వెనకా ముగ్గురు మనవాళ్ళు. ఒకడు కిష్ణాజీ అనే బంట్రోతు, దుర్భిణీ పట్టుకుని ఉన్నాడు. ఒకరు ధర్మయ్య అనే జైన పండితుడు, చేతిలో తాటాకులు. మూడో ఆయన మా కావలి వెంకట లక్ష్మయ్య అని తెలిసినవాళ్ళు చెబుతారు.

దొరా, ఇక్కడ ఒక్క నిమిషం నా పొగడ్త ఆపి మామూలుగా మాట్లాడతాను. ఆ పండితుల ముఖాలకు తమరు పాకం పట్టలేదు. బంట్లలాగా కూడా వేయలేదు. పని తెలిసిన మనుషుల ముఖాలవి. ఎనిమిది పదుల వయసుకు దగ్గరపడ్డాక వేసిన ఆ బొమ్మలో తమరికి కాస్త నిజం పట్టుబడింది. ఆ ముగ్గురినీ ఫ్రేములోకి రానిచ్చింది మెకంజీయా, తమరా అన్నది నాకు తెలియదు. ఎవరైనా సరే, మంచి పని. ఆ పని వల్లనే ఈ స్తోత్రం రాస్తున్నాను, లేకపోతే తమ పేరు నాకెందుకు?

మళ్ళీ పొగడ్తకు వస్తాను. కూర్పులో ఎంత ఔచిత్యం! చదివినవాడు తాటాకు పట్టుకుని పక్కకు జరిగాడు. మోసినవాడు దుర్భిణీ పట్టుకుని వెనక్కు జరిగాడు. చదవడం రానివాడు నడిమధ్యన వెలుతురులో నిలబడ్డాడు. దేశం కథంతా ఒక్క గుడ్డ మీదికి ఇంత పొందికగా ఎక్కించిన చిత్రకారుడు ఇంకొకడు లేడు. కొండపల్లి మాకు నాలుగు అడుగుల దూరం. అక్కడ అంబారీ ఏనుగు బొమ్మ చేస్తారు, తెల్లపొణికి కర్రతో. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, రంగులేస్తారు. అంబారీలో రాజుకు ఎంత శ్రద్ధగా కళ్ళు దిద్దుతారో, ఏనుగు మెడ మీది మావటివాడికీ అంతే శ్రద్ధగా దిద్దుతారు. మీసం కూడా ఇద్దరికీ ఒకటే. పాపం వాళ్ళకు రాయల్ అకాడమీ చదువు లేదు, వెలుతురు ఎవరి మీద పడాలో తెలియదు.

ఆ బొమ్మ వేసిన 1816లోనే మెకంజీ మా కృష్ణ ఒడ్డున అమరావతి దిబ్బ దగ్గర మనుషుల్ని పెట్టి, సున్నపురాతి పలకల మీది బొమ్మలన్నీ గీతల్లోకి ఎక్కించే పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత విరిగి, సున్నపు బట్టీల్లో కాలి, మాయమైపోయిన పలకలు కొన్ని ఆ గీతల్లోనే మిగిలాయి. అది గీసినవాళ్ళు జీతానికి పనిచేసే చిన్నవాళ్ళు. తమరు ఆ వైపు రాలేదు. రాతి మనుషులు ఫీజు ఇవ్వరు.

తర్వాత లక్ష్మయ్య గతి ఏమైందో తమరికి తెలియదు, 1824 మేలోనే మదరాసులో కన్నుమూశారు కదా, ఎనభై మూడేళ్ళ నిండు జీవితం. మెకంజీ పోయాక ఆ పని నేను కొనసాగిస్తాను, అవకాశం ఇవ్వండని లక్ష్మయ్య ఏళ్ళ తరబడి అడిగాడు. 1836లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్, అంత పనికి ఈయనే కాదు, నేటివు ఎవరూ సరిపోరని తేల్చేశాడు. అన్నేళ్ళు ఆ పని చేసినవాడికి ఆ పని చేతకాదని తీర్పు! తమ బొమ్మలో ఆయన నిలబడ్డ చోటు ఎంత దూరదృష్టితో నిర్ణయించారో అప్పుడు అర్థమైంది. తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రలు ఇంగ్లీషులో రాసి అచ్చు వేసుకున్నాడు. మేమూ తక్కువ వాళ్ళం కాదులెండి. ఏలూరులో పదిమందిని అడిగాను, కావలి సోదరుల ఇల్లెక్కడుండేదని. ఒకాయన నెల్లూరు జిల్లా కావలి బస్సు ఎక్కమన్నాడు.

ఇక పెద్దవాడు బొర్రయ్య. మెకంజీకి ఈ దేశపు విజ్ఞానం గుమ్మం చూపించింది ఇతనే, ఆ మాట మెకంజీయే రాసుకున్నాడు. జైనుల గురించి ఇతను సేకరించి అనువదించిన వ్యాసం ఇతను పోయిన నాలుగేళ్ళకు ఏషియాటిక్ రిసెర్చెస్‌లో అచ్చయింది. తమరు గొమ్మటుణ్ణి కొండ మీద నిలబెట్టారే, మెకంజీకి ఆ జైనుల మాట వినిపించిన తొలి గొంతుల్లో ఒకటి ఇతనిది. 1803లో మదరాసులో పోయాడు. తమరు శ్రీరంగపట్నం అధికారుల ముఖాలకు మెరుగులు పెడుతున్న రోజులవి, తమ మకామూ మదరాసే. ఒక సుద్దముక్క, అరగంట కాలం సరిపోయేది. అడిగినవాడు లేడు, ఇచ్చేవాడు లేడు, తమరు వేయలేదు. ఆ నియమం తప్పకపోవడం కూడా గొప్పే.

మా ఆర్టిస్టుగారైతే తమ్ముడు లక్ష్మయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్న ముఖం దించేవాడు, పదకొండో రోజు పొద్దున్నే సైకిలు మీద తెచ్చి ఇచ్చేవాడు.

బొర్రయ్యకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఆయన బొమ్మ నేను ఎక్కడా చూడలేదు.